మెట్ట కృష్ణా సీమలో మధుపానచరిత్ర: తీరం, రాచబాట, సరిహద్దు

వ్యాససంగ్రహం

కృష్ణా తీరాన్ని సందర్శించిన విదేశీ యాత్రికుల రచనలు వజ్రాలకు, వస్త్రాలకు ఆధారాలుగా ఉపయోగపడినంతగా పానీయాల చరిత్రకు ఉపయోగపడలేదు. మచిలీపట్నం రేవు నుంచి గోల్కొండకు సాగిన బాట మీద ఉన్న నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాలను కేంద్రంగా తీసుకొని, దిగుమతి మద్యానికీ స్థానికమైన తాటికల్లుకూ ఉన్న సంబంధాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. శాసన, శిల్ప, యాత్రాసాహిత్య ఆధారాలతోపాటు ఆబ్కారీ చట్టాల చరిత్రను కలిపి చదివితే, ఈ సీమలో పానీయం చరిత్ర ప్రధానంగా సరిహద్దుల చరిత్ర అని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మైసోలియా, వేలగిరి, జగ్గయ్యపేట, నందిగామ, మునగాల, పరిటాల, తాటికల్లు, ఆబ్కారీ, మద్యనిషేధం.

ఉపోద్ఘాతం

మద్యం గురించి తెలుగులో జరిగిన చర్చ చాలావరకు నీతిచర్చ. సంఘసంస్కరణోద్యమం, గాంధీయుగం, 1992 నాటి సారా వ్యతిరేకోద్యమం - ఇవన్నీ ఆ చర్చకు బలమైన కారణాలను అందించాయి. ఆ కారణాలను కాదనవలసిన పని లేదు. కాని నీతిచర్చ ముందు నిలిచినంతకాలం వస్తుచరిత్ర వెనుకబడుతుంది. ఏ పానీయం, ఏ చెట్టు నుంచి, ఎవరి చేతుల మీదుగా, ఎవరి పన్నుకింద, ఏ దారిలో ప్రయాణించిందన్న ప్రశ్నలు అడగకుండానే ఉండిపోతాయి. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ప్రజల తిండి, బట్ట, వినోదాలతోపాటు పానీయాలకూ చరిత్రలో చోటుందని చూపారు. ఆయన తెరచిన దారిలో ప్రాంతీయ అధ్యయనాలు ఇంకా జరగవలసి ఉంది.

అటువంటి అధ్యయనానికి మెట్ట కృష్ణా సీమ అనువైన క్షేత్రం. ప్రస్తుతం ఎన్టీఆర్ జిల్లాలో భాగాలైన జగ్గయ్యపేట, నందిగామలు సముద్రతీరానికి దూరంగానే ఉన్నాయి. అయినా కృష్ణ, మున్నేరు, పాలేరు నదులు, బందరు నుంచి పడమటికి సాగిన బాట ఈ సీమను ఎప్పుడూ తీరంతో కలిపే ఉంచాయి. తీరానికి దిగిన సరుకు లోపలికి వెళ్లాలన్నా, లోపలి వజ్రం తీరానికి చేరాలన్నా ఈ ఎర్రనేలల, నల్లరేగళ్ల మీదుగానే నడవాలి. డెల్టాకు 1855లో బెజవాడ ఆనకట్ట నీరు ఇచ్చింది. మెట్టకు కాలువ నీటి కోసం నాగార్జునసాగర్ ఎడమకాలువ వచ్చేదాకా, అంటే మరొక శతాబ్దానికి పైగా, ఎదురుచూపే మిగిలింది. కాలువ లేని నేల మీద గట్లవెంట నిలిచేది తాడిచెట్టు. ఈ సీమ పానీయచరిత్ర అంతా ఆ చెట్టు నీడలోనే నడిచింది.

మైసోలియా తీరం: కనిపించని ద్రాక్షమద్యం

సాధారణ శకం మొదటి శతాబ్దానికి చెందిన ‘పెరిప్లస్’ కృష్ణా ముఖద్వార ప్రాంతాన్ని మసాలియా అని పేర్కొంది. రెండవ శతాబ్దపు టాలెమీ దానినే మైసోలియా అన్నాడు. ఆయన చెప్పిన కంటకొస్సిల రేవును ఘంటసాలగా పండితులు గుర్తించారు. నాగార్జునకొండ శాసనంలోని కంటకసేల కూడా ఇదే. ఘంటసాల శాసనాలలో మహానావికుడైన శివకుని ప్రస్తావన ఉంది. అంటే ఈ తీరం కేవలం విదేశీ ఓడలు ఆగిన మజిలీ కాదు. సొంత నావికులు, వారికి బిరుదులు, వారి దానాలు ఉన్న తీరం.

ఇక్కడ ఒక తేడాను గమనించాలి. పెరిప్లస్ కర్త పడమటి తీరంలోని బరిగజ, అంటే నేటి భరూచ్ రేవు గురించి రాస్తూ ఇటలీ, లావొదికియ, అరేబియా మద్యాలు దిగుమతి అవుతాయనీ, వాటిలో ఇటలీ మద్యానికే గిరాకీ అనీ చెబుతాడు. ముజిరిస్ రేవులోనూ కొద్దిపాటి మద్యం దిగుతుందంటాడు. మసాలియా దగ్గరకు వచ్చేసరికి మాత్రం అక్కడ విస్తారంగా తయారయ్యే సన్నని నూలువస్త్రం గురించి చెప్పి ముందుకు సాగిపోతాడు. దిగుమతుల జాబితా లేదు, మద్యం ఊసు లేదు.

ఈ మౌనాన్ని ఎలా చదవాలి? తూర్పుతీరానికి మద్యం రాలేదని దీని ఆధారంగా తీర్మానించడం తొందరపాటే. అరికమేడు తవ్వకాలలో మధ్యధరా ప్రాంతపు ఆంఫోరా జాడీల ముక్కలు దొరికాయి. సంగసాహిత్యంలో ‘పుఱనానూఱు’ యవనులు తెచ్చిన మద్యాన్ని పాండ్యరాజు తాగడాన్ని వర్ణించింది. అయితే జాడీ ముక్క దొరికిన ప్రతిచోటా రోమన్ మద్యాన్ని ఊహించిన ధోరణి ఇటీవల మారింది. భారతీయ స్థలాలలో దొరికి, రోమన్ ఆంఫోరాలుగా లెక్కకెక్కిన ముక్కల్లో కొన్ని నిజానికి మెసొపొటేమియా ప్రాంతపు ‘టార్పెడో’ జాడీలవని, లోపల తారుపూత ఉన్నవని రోబెర్టా టాంబర్ పరిశీలనలు నిరూపించాయి. రోముతో వాణిజ్యం అనగానే ద్రాక్షమద్యం అనుకోవడం పరిశోధకులకు అలవాటైన ఊహ. మైసోలియా విషయంలో ఆ ఊహకు గ్రంథాధారం లేదు. వినుకొండలోను నాగార్జునకొండలోను దొరికిన రోమన్ బంగారు నాణేలను బట్టి ఈ సీమకు విదేశీ ధనం చేరిందని చెప్పవచ్చు. ఆ ధనంతోపాటు ఏ పానీయం చేరిందో అవి చెప్పవు.

వేలగిరి, శ్రీపర్వతం: శిల్పాల సాక్ష్యం

జగ్గయ్యపేట దగ్గరి గుట్టను స్థానికులు ధనంబోడు అంటారు. జేమ్స్ బర్జెస్ 1882లో అక్కడ స్తూపాన్ని పరిశీలించి, 1887లో అమరావతి, జగ్గయ్యపేట స్తూపాలపై తన బృహద్గ్రంథాన్ని వెలువరించాడు. ఇక్ష్వాకురాజు మాఠరీపుత్ర వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో నాగచంద్రుని కుమారుడు, ‘ఆవేసని’ అయిన సిద్ధార్థుడు కుటుంబసమేతంగా వేలగిరిలోని మహాచైత్యపు తూర్పు ద్వారం వద్ద ఐదు ఆయకస్తంభాలు నిలిపాడని అక్కడి శాసనాలు చెబుతున్నాయి. దాత రాజు కాదు, రాణి కాదు, ఒక శిల్పి. అదే చోట తరువాతి కాలపు శాసనమొకటి నాగార్జునాచార్యుని శిష్యుడైన జయప్రభాచార్యుని, ఆయన శిష్యుడైన చంద్రప్రభుని పేర్కొంటుంది. అంటే అనేక శతాబ్దాలపాటు ఈ గుట్ట మీద బౌద్ధాచార్య పరంపర జీవించి ఉంది.

బౌద్ధ పంచశీలాలలో ఐదవది సురామైరేయాల వర్జనం. ఆ శీలాన్ని నిత్యం వల్లించిన సీమలోనే, ఎగువన కృష్ణ ఒడ్డున, అదే ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో మరొక దృశ్యం కనిపిస్తుంది. నాగార్జునకొండ రాజప్రాసాద స్థలంలో దొరికిన స్తంభశిల్పాలలో ఒకటి గడ్డంతో, అర్ధనగ్నంగా, చేతిలో కొమ్ము ఆకారపు పానపాత్రతో నిలిచిన పురుషునిది. పక్కన మద్యపు పీపా లాంటి పాత్ర ఉంది. దీనిని గ్రీకుల మద్యదేవత డయోనిసస్‌గా కొందరు పండితులు గుర్తించారు. అక్కడే శకసైనికుని వేషంలోని మరొక మూర్తి ఉండటంతో విదేశీయుల ప్రభావం ఉందన్న వాదానికి బలం చేకూరింది.

ఈ శిల్పం చెప్పేది ఎంత, చెప్పనిది ఎంత అని విడదీసి చూడాలి. విదేశీ మద్యపాత్ర రూపాన్ని, తాగే మనిషి ఆకృతిని విజయపురి శిల్పి ఎరుగునని ఇది చెబుతుంది. ఆ మద్యం ఊరివాళ్ల దాకా వచ్చిందని చెప్పదు. అది రాజప్రాసాదానికి చెందిన శిల్పం. చైత్యంలో నిషిద్ధమైనది ప్రాసాదంలో అలంకారమైంది. జగ్గయ్యపేట నుంచి మద్రాసు ప్రభుత్వ మ్యూజియంకు చేరిన ప్రసిద్ధమైన చక్రవర్తి ఫలకంలో మేఘాల నుంచి చతురస్రపు నాణేలు కురుస్తుంటాయి. మాంధాత కథగా దానిని గుర్తించారు. సంపద పట్ల, సుఖం పట్ల ఈ శిల్పకారులకు విముఖత లేదు. ధనంబోడు అన్న పేరు పెట్టినవారికి ఆ ఫలకం తెలిసి ఉండే అవకాశం లేదు గాని, పేరు మాత్రం పొసగింది.

మధ్యయుగంలో పరిస్థితి ఎలా ఉన్నదో మోటుపల్లి శాసనం కొంత సూచిస్తుంది. 1244-45లో కాకతి గణపతిదేవుడు సముద్రవర్తకులకు అభయమిస్తూ వేయించిన ఆ శాసనం సుంకాలను వివరిస్తూ చందనం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పట్టు, పగడం, మిరియం వంటి సరుకులను లెక్కిస్తుంది. మద్యం అందులో లేదు. వెయ్యేళ్ల ఎడంతో పెరిప్లస్, మోటుపల్లి శాసనం - రెండూ ఒకే విషయంలో మౌనంగా ఉన్నాయి. ఆంధ్రతీరం తాగేదానిని తానే తయారుచేసుకున్నదని భావించడానికి ఈ రెండు మౌనాలు చాలవు గాని, ఆ దిశలో వెతకడానికి చాలు.

కల్లు: మాట, చెట్టు

కౌటిల్యుని అర్థశాస్త్రం సురాధ్యక్ష ప్రకరణంలో మేదకం, ప్రసన్న, ఆసవం, అరిష్టం, మైరేయం, మధువు అని ఆరు రకాలను నిర్వచించింది. అందులో మధువంటే ద్రాక్షరసం. మనుస్మృతి గౌడి, పైష్టి, మాధ్వి అని మూడు విభాగాలు చేసింది. బెల్లం, పిండి, పువ్వు లేదా తేనె వీటికి ముడిసరుకులు. ఈ రెండు వర్గీకరణల్లోనూ తాటికల్లుకు స్థానం లేదు. కల్లు తయారుచేసేది కాదు, చెట్టు నుంచి దిగేది. వండవలసిన పని లేదు, వడపోత లేదు, బట్టీ లేదు. ఉత్తరాది శాస్త్రకర్తల చూపుకు అందని పానీయమిది.

మాట కూడా అదే చెబుతుంది. తెలుగు ‘కల్లు’, తమిళ ‘కళ్’, మలయాళ ‘కళ్ళ్’, కన్నడ ‘కళ్ళు’ ఒకే ద్రావిడ ధాతువు నుంచి వచ్చినవి. మన పండితులు నిఘంటువుల్లో సుర, మదిర, హాల, కాదంబరి అని పర్యాయాలు గుచ్చినా, ఆ మాటలేవీ తాటివనంలో వినిపించవు. కావ్యాలలో మదిర ఉంది, ఊళ్లో కల్లు ఉంది. శాతవాహనుడైన హాలుని పేర ఉన్న ‘గాథాసప్తశతి’లో మదిరాపానం శృంగారానికి తోడుగా పదే పదే వస్తుంది. గ్రామీణ జీవితాన్ని అంత దగ్గరగా చూసిన ఆ సంకలనం కూడా పానీయం పేరు దగ్గర ప్రాకృత కావ్యమర్యాదను దాటలేదు. తెలుగు సాహిత్యవిద్యార్థి ఈ భాషాభేదాన్ని సామాజికభేదంగా చదవవలసి ఉంటుంది.

తాడిచెట్టు రసం దిగే కాలం చలి చివర మొదలై ఎండాకాలం నడిమిదాకా సాగుతుంది. మెట్టసేద్యంలో ఇది పని తక్కువగా ఉండే రోజులు. పొలం ఖాళీగా ఉన్నప్పుడు చెట్టు పనికి వస్తుంది. పోతుతాడు నుంచి, పండుతాడు నుంచి వేర్వేరు పద్ధతుల్లో గెలను కోసి, లొట్టి కట్టి, రోజుకు రెండుసార్లు మోకు సాయంతో ఎక్కి గీస్తారు. దిగిన రసంలో పదోవంతుకు మించి చక్కెర ఉంటుంది. గాలిలోని, లొట్టిలోని ఈస్టు తగిలిన కొద్ది గంటల్లోనే అది పులియడం మొదలుపెడుతుంది. ఒక రోజు దాటితే పుల్లబడుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే పులియదు, అది నీరా. కాస్తే తాటిబెల్లం.

ఈ రసాయనం ఆర్థిక చరిత్రను శాసించింది. ద్రాక్షమద్యం పీపాలో ఏళ్లతరబడి నిలిచి సముద్రాలు దాటుతుంది. కల్లు సూర్యాస్తమయాన్ని దాటలేదు. దానికి రేవుతో పని లేదు, గోదాముతో పని లేదు. అందుకే అది వర్తకశాసనాలకు ఎక్కలేదు. రాజ్యానికి దానిని పట్టుకునే దారి ఒక్కటే, చెట్టుమీదనో దుకాణంమీదనో పన్ను వేయడం. ఈ పానీయం మొట్టమొదట విస్తారంగా కనిపించే లిఖితాధారాలు పన్నుల లెక్కలు కావడం యాదృచ్ఛికం కాదు. తాడిగడప, తాడేపల్లి వంటి ఊళ్ల పేర్లలో చెట్టు మిగిలింది. గీసినవాని పేరు ఏ శాసనంలో వెతకాలి?

రాచబాట మీద యాత్రికులు

పదిహేడవ శతాబ్దంలో మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి ప్రధానమైన రేవు. డచ్చివారు 1606 నాటికి, ఇంగ్లీషువారు 1611లో అక్కడ స్థానం సంపాదించారు. 1618-22 మధ్య బందరులో ఉన్న విలియం మెథ్వోల్డ్ కొల్లూరు వజ్రపు గనిని చూసి రాశాడు. ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే 1652లో బందరు నుంచి బెజవాడ మీదుగా ప్రయాణిస్తూ అక్కడి దేవాలయాలను వర్ణించాడు. 1666-67లో వచ్చిన థెవెనో బందరు-గోల్కొండ బాటలో చెప్పిన మజిలీల పేర్లలో మున్నేటి ఒడ్డునున్న పెనుగంచిప్రోలును పరిశోధకులు గుర్తించారు. ఊరి పేర్లను వారు రాసిన తీరు చూస్తే ఏ ఊరో పోల్చుకోవడమే పరిశోధన అవుతుంది.

ఈ యాత్రికుల్లో పానీయం విషయంలో అత్యంత విలువైన సాక్షి టావెర్నియే. గోల్కొండ నగరంలో తాడిని, అంటే కల్లును, అమ్మే దుకాణాల గురించి అతడు రాశాడు. గుర్రానికి ఇరువైపులా రెండు తోలుతిత్తులు వేలాడదీసి, ఐదారు లీగుల దూరం నుంచి వేగంగా తోలుకు వస్తారని, రోజుకు 500-600 గుర్రాలు ఇలా నగరంలోకి ప్రవేశిస్తాయని చెప్పాడు. దీనిపై పన్ను రాజుకు గొప్ప ఆదాయమనీ, కల్లు బాగా అమ్ముడుపోతుందన్న లెక్కతోనే నగరంలో వేశ్యలను అంత పెద్దసంఖ్యలో ఉండనిచ్చారనీ అతని అభిప్రాయం. ఆ చివరి మాట ఒక ఐరోపా వర్తకుని పరిహాసమో నగరంలో విన్న ప్రచారమో కావచ్చు. గుర్రాల పరుగు మాత్రం నమ్మదగినది. పులిసి చెడిపోయే సరుకును నగరానికి చేర్చాలంటే ఎడ్లబండి చాలదు. టావెర్నియేకు రసాయనం తెలియకపోయినా, అతడు చూసిన పరుగు ఆ రసాయనానికి ఫలితమే.

అదే రాజ్యంలో ద్రాక్ష కూడా ఉంది. ఆ ప్రాంతపు ద్రాక్ష జనవరి నుంచి పండుతుందనీ, దానితో తెల్లమద్యం తయారుచేస్తారనీ థెవెనో నమోదు చేశాడు. స్థానిక ద్రాక్షమద్యానికి ఇది అరుదైన సాక్ష్యం. అయితే అది రాజధాని తోటల పంట. రాజధాని తోటలకూ మెట్ట గట్లకూ మధ్య ఉన్న దూరాన్ని మైళ్లలో కొలవలేం. రేవులోని ఐరోపా కొఠీలలో పర్షియా నుంచి వచ్చిన షిరాజు మద్యానిదే పెద్దపీట. ఈ విధంగా ఒకే బాట మీద మూడు పానీయాలు మూడు తరగతులకు చెందాయి. ఓడలో వచ్చినది కొఠీదొరలకు, తోటలో పండినది నగరప్రముఖులకు, చెట్టు మీద దిగినది దారిపొడుగునా మిగిలినవారందరికీ. బందరు నుంచి బయలుదేరిన యాత్రికుడు తాటివనాల మధ్య రోజులతరబడి నడిచాడు. వారి పుస్తకాల్లో వజ్రపు గని లోతు, కూలీల సంఖ్య ఉన్నాయి. ఆ కూలీ సాయంత్రం ఏం తాగాడో లేదు.

గీతవృత్తి మనిషి ఆనాటి చరిత్రగ్రంథాల్లోకి ప్రవేశించినది ఒకే ఒక్కసారి, అదీ దోపిడీదారుగా. సర్వాయి పాపన్నను ఖాఫీఖాన్ వంటి ఫార్సీ చరిత్రకారులు అలాగే చూపారు. 1708లో వరంగల్లుపై దాడి చేసి, 1710లో పట్టుబడి హతుడైన ఇతని కథను వెలచేరు నారాయణరావు, జె.ఎఫ్. రిచర్డ్స్ 1980లో ఫార్సీ ఆధారాలను తెలుగు మౌఖిక గాథతో కలిపి చదివారు. ఫార్సీ కథనం ప్రకారం వేషం మార్చుకు తిరుగుతున్న పాపన్నను గుర్తుపట్టినది కల్లు దుకాణం దగ్గరే. మౌఖిక గాథ లేకపోతే పాపన్న వృత్తి ఒక తిట్టుగా మాత్రమే మిగిలేది.

పరిటాల, మునగాల: రెండు ద్వీపాలు

ఉత్తర సర్కారులు 1766 ఒప్పందంతో ఇంగ్లీషు కంపెనీకి దక్కినప్పుడు నందిగామ ప్రాంతపు పటం విచిత్రంగా తయారైంది. వజ్రాల కోసం పరిటాలను, దాని చుట్టుపక్కల కొన్ని గ్రామాలను నిజాం తన కిందనే ఉంచుకున్నాడు. చుట్టూ కంపెనీ నేల, మధ్యలో నిజాం ద్వీపం. దీనికి ప్రతిబింబంగా, పడమట నిజాం రాజ్యం మధ్యలో మునగాల పరగణా కృష్ణా జిల్లా నందిగామ తాలూకాకు చెందిన ద్వీపంగా నిలిచింది. పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు ఈ మునగాల సంస్థానానికే దివానుగా ఉంటూ 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించారు. తెలుగు చరిత్రరచనకు బీజం పడినది ఒక సరిహద్దు ద్వీపం నీడన అన్నది గుర్తుంచుకోదగ్గ విషయం.

జగ్గయ్యపేట కూడా సరిహద్దు అవసరాల నడుమ ఎదిగిన ఊరే. చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు బేతవోలు దగ్గర తన తండ్రి జగ్గన్న పేరిట ఈ పేటను వెలయించాడు. కృష్ణకు ఆవల అమరావతిలో ఆయన పట్టణనిర్మాణం సాగిస్తున్న కాలంలోనే దీపాలదిన్నె తవ్వకం జరిగి, మెకంజీ దృష్టికి స్తూపం వచ్చింది. జగ్గయ్యపేటకు పడమట పాలేరు దాటితే నిజాం రాజ్యం.

ఈ గీతకు ఇరువైపులా చెట్టు ఒకటే, చట్టం వేరు. 1886 మద్రాసు ఆబ్కారీ చట్టం కింద సర్కారు జిల్లాలలో దుకాణాల వేలం, గీసే ప్రతి చెట్టు మీద చెట్టుపన్ను అనే పద్ధతి బలపడింది. నిజాం రాజ్యంలో ఆబ్కారీ ఖజానాకు అతిపెద్ద ఆదాయమార్గాలలో ఒకటి, అక్కడి దస్తరాలలో ఈతకల్లుకు ‘సేంధీ’ అని వేరే పేరు. పాలేరుకు ఇవతల గౌడ గీసిన లొట్టి మద్రాసు లెక్కలోకి, అవతల గీసినది హైదరాబాదు లెక్కలోకి పోయేవి. పరిటాల తాటివనం చట్టరీత్యా హైదరాబాదుది, మునగాల తాటివనం మద్రాసుది. చెట్టు మీది రసం ఎవరి ఆస్తి అన్న ప్రశ్నకు రెండు ప్రభుత్వాలూ ఇచ్చిన సమాధానం ఒకటే: ప్రభుత్వానిది. గీసేవాడు కౌలుదారు, అంతే. దుకాణపు పాటదారు, గీతగాడు ఒకరు కాదన్న సంగతి ఈ చర్చలన్నిటిలో మరుగున పడింది. పాటదారుకు లాభం, ప్రభుత్వానికి రాబడి, చెట్టు మీంచి పడే ప్రమాదం మాత్రం గీతగానిది.

1948 తరువాత

మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధాన్ని ప్రారంభించింది. యుద్ధకాలంలో వెనుకపట్టు పట్టిన ఆ విధానం 1946 నుంచి దశలవారీగా విస్తరించి, 1948 అక్టోబరు 2 నాటికి రాష్ట్రమంతటా అమలులోకి వచ్చింది. అదే సంవత్సరం సెప్టెంబరు 13 నుంచి 17 వరకు జరిగిన పోలీసు చర్యతో హైదరాబాదు రాజ్యం పతనమైంది. ఈ రెండు తేదీల మధ్య వ్యవధి రెండు వారాలు. రజాకార్ల భయంతో జగ్గయ్యపేట వైపు జనం దాటివచ్చిన సరిహద్దు సెప్టెంబరులో సైనికార్థంలో మాసిపోయింది. అక్టోబరు నాటికి అది తడికీ పొడికీ మధ్య సరిహద్దుగా స్థిరపడింది. హైదరాబాదు రాష్ట్రంలో కల్లు న్యాయబద్ధం, కృష్ణా జిల్లాలో నేరం. మునగాల పరగణా చుట్టూ తడి, లోపల పొడి. 1947లోనే తిరుగుబాటు చేసి ‘పరిటాల రిపబ్లిక్’గా ప్రకటించుకున్న నిజాం గ్రామాలది దానికి తలకిందులైన కథ.

నిషేధపు భారం ఎవరి మీద పడిందన్నది ఇక్కడ కీలకమైన ప్రశ్న. సీమమద్యం తాగేవారికి పర్మిట్ల దారి ఉంది. పాటదారు పెట్టుబడిని మరో వ్యాపారానికి మళ్లించుకోగలడు. గీతవృత్తికి మాత్రం ప్రత్యామ్నాయంగా నీరా, తాటిబెల్లం సూచించారు. అవి గీతకుటుంబాలకు పూర్తి బతుకు కాలేకపోయాయి. ఆంధ్రరాష్ట్రం ఏర్పడ్డాక ఈ అసంతృప్తి రాజకీయమైంది. గౌతు లచ్చన్న నాయకత్వంలో గీతకార్మికులు ఉద్యమించారు. ఎస్.వి. రామమూర్తి సంఘం నిషేధం విఫలమైందని, ఎత్తివేయాలని సిఫారసు చేసింది. దానిపై నిర్ణయం తీసుకోని టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం 1954 నవంబరు 6న ఒక్క ఓటు తేడాతో అవిశ్వాస తీర్మానంలో ఓడిపోయింది. ఆ ఓటమిని పార్టీల ఎత్తుగడగా చెప్పేవారు ఎక్కువ. ఎత్తుగడ ఉన్నమాట నిజమే. ఎత్తుగడకు ఆయుధంగా తాటిచెట్టు ఎందుకు పనికివచ్చిందో చెప్పకపోతే ఆ వివరణ సగమే.

ఆంధ్రప్రదేశ్ అవతరణతో రెండు ప్రాంతాలు ఒకే రాష్ట్రంలోకి వచ్చాయి. మునగాల నల్లగొండ జిల్లాలో కలిసింది. 1968 ఎక్సైజ్ చట్టం రెండు వైపులా ఒకే చట్టాన్ని తెచ్చింది. పాలేరు మొదటిసారి పానీయం విషయంలో మామూలు ఏరు అయింది. ఆ తరువాతి దశాబ్దాలలో కల్లు స్థానాన్ని ప్యాకెట్లలోని సారా ఆక్రమించింది. ఈ మార్పును చిన్నదిగా చూడరాదు. కల్లుకు ఋతువు ఉంది, నిలవ లేదు, దాహం చెట్టు ఇచ్చినంతే. సారాకు ఈ హద్దులేవీ లేవు. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు 1992లో తిరగబడినది సారా మీద. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వపు సంపూర్ణ నిషేధం, 1997లో దాని సడలింపు వరుసగా వచ్చాయి. ఆ ఉద్యమచరిత్రలో కల్లును, సారాను ఒకే గాటన కట్టిన రచనలు ఉన్నాయి. వృత్తి దృష్ట్యా చూసినా, స్త్రీల అనుభవం దృష్ట్యా చూసినా ఆ రెండింటినీ విడిగా పరిశీలించాలి. కూలిడబ్బును ఇల్లు చేరనివ్వని సారా దుకాణం గురించి స్త్రీలు చెప్పినదాన్ని, గీతకుటుంబంలోని స్త్రీ తన ఇంటి లొట్టి గురించి చెప్పేదానితో కలిపివేస్తే రెండు సాక్ష్యాలూ పాడవుతాయి.

2014 జూన్ 2న పాలేరు తిరిగి సరిహద్దు అయింది. హైదరాబాదు-విజయవాడ జాతీయ రహదారి మీద జగ్గయ్యపేట సమీపంలోని గరికపాడు చెక్‌పోస్టు 2019 తరువాత తెలంగాణ మద్యం సీసాల పట్టివేతలతో పత్రికలకెక్కింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ విధానంలో దుకాణాలు ప్రభుత్వపరమై, ధరలు పెరగడం దానికి కారణం. 1948 నాటి పొడి-తడి భేదం ఈసారి ధరల భేదంగా తిరిగి వచ్చింది. దారి అదే. మజిలీల వరుస కూడా దాదాపు థెవెనో నడిచినదే. సీసాల లెక్క పోలీసు దస్త్రాలలో భద్రంగా ఉంటుంది. అయితే దాటుతున్నది కల్లు కాదు. కల్లు ఈ సరిహద్దును ఎన్నడూ దాటనవసరం లేకపోయింది, రెండు వైపులా చెట్లు ఉన్నాయి కనుక.

ఇటీవల రెండు రాష్ట్రాలూ నీరాను ఆరోగ్యపానీయంగా ప్రచారం చేయడం మొదలుపెట్టాయి. పందిరిమామిడి ఉద్యానపరిశోధన స్థానంలో తాటి ఉత్పత్తులపై పరిశోధన జరుగుతున్నది. హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ తెరిచారు. నగరవాసికి నీరా కొత్త రుచి. మెట్ట కృష్ణలో చెట్టెక్కే మనిషికి అది సున్నం పూసిన లొట్టి. మోకు, గీతకత్తి, గెల, లొట్టి, పోతుతాడు, పండుతాడు - ఈ మాటలకు పాలేరు ఇవతల ఒక అర్థచ్ఛాయ, అవతల మరొకటి ఉన్నాయి. కొన్నిచోట్ల మాటే మారుతుంది. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయ వృత్తిపదకోశంతో చూపిన పద్ధతిలో నందిగామ, జగ్గయ్యపేట, మునగాల, పరిటాల గీతకుటుంబాల నుంచి ఈ పదజాలాన్ని ఊరివారీగా సేకరించి, ఆబ్కారీ దస్తరాల పదజాలంతో పక్కపక్కన పెట్టవలసి ఉంది. ఆ పని ఏ ఊరితో మొదలుపెట్టాలన్న ప్రశ్నకు రెండు రాజ్యాల చట్టాలనూ చూసిన పరిటాల, మునగాలలే తగిన జవాబు. పోతుతాడును గీసే పద్ధతి, పండుతాడును గీసే పద్ధతి రెండూ ఎరిగిన చేతులు అక్కడ ఇంకా ఉండగానే ఆ ఊళ్లకు వెళ్లాలి.